మందు అంటే ఏ మందు?

తిరిగొచ్చి నెల దాటింది. "మదనపల్లె దాకా వెళ్లావు, హార్సిలీ హిల్స్ ఎక్కావా?" అని అడిగినవాళ్లందరికీ ఎక్కలేదనే చెబుతున్నాను. కొండను కిందనుంచి చూశాను. సగం మబ్బులో మునిగి ఉంది, బాగానే ఉంది. కానీ నేను వెళ్లింది కొండ కోసం కాదు, రెడ్డెప్ప కోసం.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. హైదరాబాదు శివార్లలో ఒక మాజీ సైనికుల పునరావాస కేంద్రంలో నేను క్లినికల్ ఫార్మసిస్టుని. ఈ ముక్క చెప్పగానే "ఓహో, మెడికల్ షాపా?" అంటారు. మా అత్తగారైతే ఇప్పటికీ అదే అంటుంది. షాపు కాదు. వెన్నెముక దెబ్బతిని మంచం పట్టినవాళ్లు, కాళ్లు పోయినవాళ్లు, వెళ్లడానికి ఇల్లంటూ లేని ముసలి సిపాయిలు మా దగ్గర ఉంటారు. ఒక్కొక్కరికి నలుగురు డాక్టర్లు నాలుగు రకాల మందులు రాస్తారు. ఆ నాలుగూ ఒకే ఒంట్లోకి వెళ్లాక వాటి కాపురం సవ్యంగా సాగుతోందా లేదా చూడటం నా పని. దిండు గలీబులో దాచిన మాత్రలు వెతికి పట్టుకోవడం, "ఇది మింగితే ఆకలి చచ్చిపోతోంది బిడ్డా" అన్న ముసలాయన మాటను డాక్టరు చెవిన వేయడం కూడా అందులోకే వస్తాయి.

సైన్యంలో నాయక్‌గా చేసిన రెడ్డెప్ప మా దగ్గర ఏడాది పైగా ఉన్నాడు. ఉత్తరాన ఒక కొండదారిలో అతనున్న లారీ లోయలో పడింది. తలకు దెబ్బ తగిలి ఫిట్స్ మొదలయ్యాయి, ఎడమ కాలు పట్టు తప్పింది. మళ్లీ నడక నేర్చుకున్నది మా వరండాలోనే. ఇంటికి వెళ్లే రోజు ఆ వరండా ఈ చివర నుంచి ఆ చివరకు కర్ర లేకుండా నడిచి, నాకు సెల్యూట్ కొట్టి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడం ఎందుకు? అలా ఇళ్లకు వెళ్లినవాళ్లు ఎలా ఉన్నారో చూసి రమ్మని కేంద్రం చలికాలంలో మాలో ఒకరిని పంపుతుంది. కొత్త శతాబ్దం మొదలై మూడేళ్లు కాలేదు, ఈసారి చిత్తూరు జిల్లా పడమటి మండలాలు నా వంతుకు వచ్చాయి.

మదనపల్లె

మాది తెనాలి. చలి అంటే మాకు తెల్లవారుజామున దుప్పటి ఒకసారి పైకి లాక్కోవడం. మదనపల్లెలో బస్సు దిగేసరికి నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. పక్కన నిలబడ్డ పాలాయన మాత్రం పలచని చొక్కాతో, మెడకు మఫ్లర్ చుట్టుకుని హాయిగా బీడీ కాలుస్తున్నాడు.

టమోటా మార్కెట్ చూడకుండా మదనపల్లె చూశానని చెప్పకూడదన్నారు, వెళ్లాను. కనుచూపు మేర ఎర్రటి బుట్టలు. కానీ ఆ వారం ధర బొత్తిగా పడిపోయింది. బి.కొత్తకోట నుంచి వచ్చిన ఒక రైతు బుట్టల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. కిలో ఎంత అని అడిగాను. నన్ను ఎగాదిగా చూసి, "ధరేందమ్మా ధర, సంచి పట్టు" అని నా చేతిసంచి నింపేశాడు. డబ్బులు ఇవ్వబోతే, "మళ్లీ ఎనక్కి మోసుకుపొయ్యే కూలి మిగిలింది నాకు, పో తల్లీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఆ సంచి ఈ ప్రయాణమంతా నా ఒళ్లో కూర్చుంది. పైవి బాగానే ఉన్నాయి, అడుగువి చితికి నా రెండు చీరలు పాడుచేశాయి.

బస సుగుణమ్మగారింట్లో. మా వార్డు నర్సుకి ఆవిడ పిన్ని, తానూ నర్సుగా చేసి రిటైరయిన మనిషి. మిషన్ కాంపౌండు వెనక చిన్న పెంకుటిల్లు. క్రిస్మస్ నక్షత్రం ఇంకా గుమ్మానికి వేలాడుతూనే ఉంది. భోజనానికి ముందు ప్రార్థనలో నా ప్రయాణం, నా ఆరోగ్యం, చివరికి నా టమోటా సంచి కూడా దేవుడికి అప్పగించింది. రాగిసంగటి ముద్ద, చెనక్కాయల ఊరిబిండి, అంటే మా వేరుశనగ పచ్చడి లాంటిది, పెట్టింది. నేను సంగటిని అన్నంలా నములుతుంటే చూడలేక, "నమలకూడదమ్మా, మింగల్ల" అని వేలితో గుంట చేసి, ఊరిబిండి అద్ది, ఎలా మింగాలో చూపించింది. జీవితమంతా మాత్రలు మింగించే నాకు మింగడం నేర్పిన మనిషి ఆవిడొక్కతే.

చేతులు కడుక్కుంటూ రెడ్డెప్ప సంగతి ఎత్తాను.

"ఆ మిలిట్రీ ఆయప్పా? మొన్న పుంగనూరు బస్టాండులో సూసినా. గోడ పట్టుకొని కూడా నిలబడలేకుండా ఉండాడు. నాలిక మడత పడతాండాది. బాగా మందు మీద ఉండాడమ్మా."

"రెడ్డెప్ప తాగడండీ."

"మిలిట్రీవాళ్లు తాక్కుండా ఎట్లుంటారు? పెండ్లాం కూడా ఇడిసిపెట్టి కుప్పంలో పుట్టింటికి పొయ్యిందంట."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫిట్స్ ఉన్నవాడు తాగితే ఏమవుతుందో అతనికి నేను ఎన్నిసార్లు చెప్పానో! అంత కష్టపడి నేర్చుకున్న నడకను సీసాలో పోసుకున్నాడనుకుని, ఎలా కడిగెయ్యాలో మాటలు ముందే కూర్చుకున్నాను.

పుంగనూరు దాటాక

పుంగనూరు ఆవుల గురించి విన్నాను గానీ నమ్మలేదు. నిజంగానే నా నడుము ఎత్తుకు మించి లేవు. మా వైపు దూడలు వాటికంటే పొడుగ్గా ఉంటాయి. ఆ ఊరు దాటి, పెద్దపంజాణి దారిలో ఆటో ఆగిన చోట రెడ్డెప్ప ఇల్లు. ముంగిట్లో అతని తల్లి వెంకటమ్మ చిక్కుళ్లలాంటి అనపకాయలు ఒలుస్తోంది. మనిషి కట్టెలా ఉన్నా గొంతు మాత్రం గట్టిది.

"ఎవురమ్మా నువ్వు?"

"హైదరాబాదు నుంచి వచ్చాను. మీ అబ్బాయికి మందులిచ్చేదాన్ని."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "మందులా? పెట్టేదానివా, తీసేదానివా?"

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదన్న సంగతి నా మొహంలో చూసి ఆవిడే చెప్పింది. "నా కొడుక్కి మందు పెట్టేసినారమ్మా. ఎవురో కాదు, నా కోడలే. సంగట్లో కలిపి పెట్టింది, మొగుడు సెప్పుసేతల్లో ఉండల్లని. అప్పుట్నించీ మనిషి మనిషి మాదిరి లేడు. మందు తీసే ఆమె కాడికి తీసుకపొయ్యి కక్కించినా. ఆకు పసరు తాపితే కక్కినాడు గానీ, ఇంగా పోలే."

మా నాయనమ్మ నోట చిన్నప్పుడు విన్న మాట అది. అన్నంలో ఏదో కలిపి పెట్టి మనిషిని వశం చేసుకుంటారని, లేదా పాడుచేస్తారని. ఇదంతా మీ భ్రమ అని నేను నోరు తెరిచేలోగా ఆవిడ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"సాచ్చం ఉండాదమ్మా. ఒంటికి నడిసిపోలేడని మంచం కాడ సట్టి పెడితే నేనే పారబోస్తాండా. ఎర్రగా పోతాంది, కుంకం నీళ్ల మాదిరి. నా కండ్లతో సూసినా. ఇంగేం కావల్ల?"

తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ అక్కడే మర్చిపోయాను. ఎర్రగా పోవడం అనగానే నా పని నాకు గుర్తొచ్చింది.

లోపల నులకమంచం మీద రెడ్డెప్ప ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి పక్కకు ఒరిగాడు. దగ్గరికి వెళ్లి, సిగ్గు లేకుండా వాసన చూశాను. సారా వాసన లేదు. సున్నిపిండి వాసన వచ్చింది. నా వేలి వెంట చూడమని వేలు అటూ ఇటూ కదిపాను. కళ్లు నిలకడగా రాలేదు, గెంతుతూ వచ్చాయి. చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి వచ్చాయి. మజ్జిగ తెస్తానని తల్లి పక్కకు వెళ్లింది.

"రెడ్డెప్పా, ఎర్రగా పోతోందట. ఇంకేం మాత్రలు మింగుతున్నావు?"

తల్లి వెళ్లిన వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఒక్కో మాటా తవ్వి తీసినట్టు చెప్పాడు. "టీబీ... మేడం. దగ్గొస్తే మదనపల్లెలో సూపిచ్చుకున్నా. మాత్రలిచ్చినారు. అమ్మకు సెప్పొద్దు. మా నాయిన దాంతోనే పొయ్యినాడు. ఆయమ్మ తట్టుకోలేదు."

"నీ ఫిట్స్ మాత్రల సంగతి ఆ డాక్టరుకు చెప్పావా?"

"అడగలేదే."

"అడక్కుండా ఎలా ఉంటారు?"

అతను కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. "'మందేమన్నా తీసుకుంటాండావా' అన్నాడు సారు. మిలిట్రీవాళ్లను అందురూ అడిగేది అదే కదా మేడం. 'ఇంటికొచ్చినాంక ముట్టనే లేదు సార్' అన్నా."

నేను మంచం పట్టె మీద కూలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతనికి తను రోజూ మింగేది మాత్ర. మందు అంటే సీసా. అతని తల్లికి మందు అంటే సంగట్లో కలిపేది. డాక్టరుకూ నాకూ మందు అంటే ఔషధం. ఒక్క మాట పట్టుకుని తలో దిక్కుకూ వెళ్లాం.

జరిగింది ఇదీ. ఫిట్స్ మాత్ర ఒంట్లోంచి రోజూ కొంత బయటికి పోతూ ఉండాలి. టీబీ మాత్రల్లో ఒకటి కొందరి ఒంట్లో ఆ పోయే దారిని మూసేస్తుంది. మింగేది పాత మోతాదే అయినా లోపల పేరుకుంటూ పోతుంది. అప్పుడు నడక తూలుతుంది, నాలుక మడతపడుతుంది, చూపు గెంతుతుంది. చూసేవాళ్లకు అచ్చం తాగినవాడే. ఆ ఎర్ర రంగు టీబీ మాత్రల్లోనే ఉన్న ఇంకొక దానిది, దానివల్ల ప్రమాదం లేదు. రెండు వైద్యాలూ సరైనవే. ఒకదాని గురించి ఇంకొకదానికి తెలియలేదు, అంతే.

టీబీ మాట బయటపెట్టనని రెడ్డెప్పకు మాటిచ్చాను. అందుకని ముంగిట్లోకి వచ్చి వెంకటమ్మతో చెప్పగలిగినంత నిజం చెప్పాను. "అమ్మా, మందు పెట్టిన మాట నిజమే. పెట్టింది మీ కోడలు కాదు, నేను. నేనిచ్చిన ఫిట్స్ మాత్రలే ఒంట్లో ఎక్కువైపోయాయి."

ఆవిడ మజ్జిగ చెంబు నా చేతికిచ్చి జాలిగా చూసింది. "పెట్టినోళ్లు ఎవురన్నా పెట్టినామని సెప్తారామ్మా? దాన్ని కాపాడేదానికి సెప్తాండావు. మంచిదానివిలే, తాగు."

మళ్లీ మదనపల్లె

ఆ సాయంత్రమే జీపు మాట్లాడి అతన్ని మదనపల్లె తీసుకెళ్లాం. దారి పొడుగునా వెంకటమ్మ కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవరును తిట్టింది.

వెంకటమ్మను బయట బల్ల మీదే ఉంచి లోపలికి వెళ్లాం. టీబీ మాత్రలిచ్చిన డాక్టరు నెత్తి నెరిసిన మనిషి. నేను చెప్పింది సాంతం విని, కళ్లు పరీక్ష చేసి, కుర్చీలో వెనక్కి వాలారు. "నేనే అడిగానమ్మా ఆ ప్రశ్న. ముట్టనే లేదంటే శభాష్ అని భుజం కూడా తట్టాను" అన్నారు. ముందు నవ్వారు, తర్వాత అరచేత్తో మొహం తుడుచుకున్నారు. ఇద్దరం కూర్చుని లెక్క చూసుకున్నాం. టీబీ మాత్రలు ఆపకూడదు. ఫిట్స్ మాత్ర ఆయన చూస్తుండగా కొద్దిరోజులు ఆపి, రక్తపరీక్ష చూసుకుని తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి. సొంతంగా ఇంట్లో ఆపితే ఫిట్స్ తిరగబెట్టి ప్రాణం మీదికి వస్తుందని రెడ్డెప్పకు ఆయనొకసారి, నేనొకసారి చెప్పాం.

ఒళ్లు ఇలా బాగుపడుతుంది. కానీ కుప్పంలో ఒక ఆడపిల్ల మొగుడికి మందు పెట్టిందన్న పేరు మోస్తోంది. దానికి డాక్టరు దగ్గర మాత్ర లేదు. రెడ్డెప్పను ఆసుపత్రిలో చేర్చి మంచం మీద పడుకోబెట్టాక, నీ భార్యకు టీబీ సంగతి తెలుసా అని అడిగాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కుప్పం

కుప్పం వెళ్లే బస్సులో కండక్టరు ముందు సీటువాళ్లతో తమిళం, మధ్య సీటువాళ్లతో తెలుగు, వెనక కూర్చున్న గొర్రెలాయనతో కన్నడం మాట్లాడాడు. టికెట్టు తీసుకోనని మొండికేసిన ఒకాయనను మాత్రం మూడింట్లోనూ తిట్టాడు. స్టేషను దగ్గర హోటల్లో ఇడ్లీకి సాంబారు గిన్నె నిండా పోశారు. మా తెనాలిలోలా అల్లప్పచ్చడి ఉందా అని అడిగితే సర్వరు నావైపు బంగారం అడిగినట్టు చూశాడు. అక్కడికి దగ్గర పల్లెల్లో ఉన్న మరో ఇద్దరు మాజీ సైనికులను చూసుకుని, మూడో నాడు నాగరత్న పుట్టింటికి వెళ్లాను.

వాళ్లు పట్టుపురుగులు పెంచుతారు. పొడుగాటి కొట్టంలో తట్టల నిండా పురుగులు మల్బరీ ఆకు తింటుంటే, రేకుల మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడు. కొత్తవాళ్లను లోపలికి రానివ్వరని గుమ్మంలోనే నిలబడ్డాను. రెడ్డెప్ప భార్య నాగరత్న కొట్టం బయట, ఎండలో కూర్చుని ఆకు తరుగుతోంది. సన్నగా, చామనచాయగా, కళ్ల కింద నల్లగా ఉంది. నేనెవరో చెప్పగానే మొదట అడిగిన మాట, "ఆయన నడస్తాండాడా?"

టీబీ పేరెత్తకుండా జరిగినదంతా చెప్పాను. తలవంచుకుని ఆకు తరుగుతూనే వింది.

"ఎర్రగా పొయ్యేది టీబీ మాత్రలకని నాకు తెలుసు మేడం. ఆయనే సెప్పినాడు. అమ్మకు సెప్పొద్దని సేతిలో సెయ్యేపిచ్చుకున్నాడు."

"నిన్ను అంత మాటన్నప్పుడైనా చెప్పొచ్చు కదమ్మా!"

"ఒట్టేసినాను కదా."

"అతనైనా నోరు విప్పొచ్చు కదా!"

"ఆయనకు నోరు యాడుంది మేడం అప్పటికి? మాటే తిరగలేదు." కత్తి పక్కన పెట్టింది. "కోపం లేదని సెప్పను. ఉండాది. సూడాలని కూడా ఉండాది."

నాతో రమ్మన్నాను. ఆమె కొట్టం వైపు చూపించింది. "ఈడ మా వదిన పురుగులకు ఆకు కూడా నన్ను ఎయ్యనీదు. తరిగియ్యి చాలు అంటాది. నా సెయ్యి తగిలితే పురుగులు సస్తాయేమోనని బయం. పుట్టింట్లోనే ఇట్లుంటే ఆడెట్లుంటాది? నేనొస్తా. మా అత్త నలుగురి ముందర నా సేతి కూడు తినల్ల. తినకుంటే మళ్లా బస్సుకే వచ్చేస్తా."

చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టినందుకు ఇంత మోసిన పిల్లను చూసి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆమే నా చేతిలో కొంగు పెట్టింది తుడుచుకోమని.

కూడు

మేము వెళ్లేసరికి రెడ్డెప్ప ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి ఉన్నాడు. గోడ పట్టుకుని, కర్ర మీద భారం వేసి, ముంగిట్లోకి తనంతట తాను నడిచొచ్చాడు. చూపు ఇంకా కాస్త గెంతుతోంది గానీ మాట తేటపడింది. పక్కింటి ఆడవాళ్లు కంచె దగ్గర అప్పుడే చేరారు. నాగరత్న వాకిట్లోనే ఆగిపోయింది.

వెంకటమ్మ కోడల్ని చూసి నోరు తెరవబోతుంటే రెడ్డెప్ప అడ్డుపడ్డాడు. "అమ్మా, నాకు టీబీ ఉండాది. ఆ మాత్రలకే ఎర్రగా పొయ్యింది. రత్నకు తెలుసు. నేనే సెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్నా. నీకు బయమేస్తాదని."

నేను ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ కొడుకు చేతిలో కర్ర లాక్కుని అతని కాళ్ల పక్కన నేలకేసి కొట్టింది.

"మీ నాయినా ఇట్లే దాచిపెట్టి సచ్చినాడు కదరా! ముందే సెప్పింటే ఎత్తుకొని పరిగెత్తుండనా? నువ్వూ అదే నేర్సినావా?"

కర్ర మళ్లీ అతని చేతిలో పెట్టింది. టీబీ ఇప్పుడు మాత్రలతో నయమవుతుందని, మధ్యలో ఆపకుండా వేసుకుంటే చాలని చెప్పాను. విన్నదో లేదో తెలియదు. కోడలి దుమ్ము కొట్టుకుపోయిన కాళ్ల వైపు చూసింది. తర్వాత, రోజూ అనే మాటే అన్నట్టు అంది.

"ఏమే, పొద్దు యాడికొచ్చిందో సూసినావా? కూడొండేది లేదా?"

నాగరత్న నా వైపు చూసింది. నేను టమోటా సంచి అందించాను. చితకనివి ఇంకా కొన్ని మిగిలాయి. అత్త నానబెట్టి పితికిన అనపపప్పు వంటింట్లో గిన్నెలో ఉంది. ఉల్లిపాయలు, టమోటా, కొబ్బరి వేసి నాగరత్న పితికిపప్పు చేసింది, సంగటి కెలికింది. కంచె దగ్గర ఆడవాళ్లు వాసన వచ్చేదాకా కదల్లేదు, వచ్చాకా కదల్లేదు.

అందరికంటే ముందు వెంకటమ్మ తన పళ్లెం తెచ్చుకుని, వాళ్లకు కనిపించేలా ముంగిట్లోనే కూర్చుంది. నాగరత్న ముద్ద పెట్టి, పక్కన పప్పు పోసింది. కొంచెం నేల మీద ఒలికింది. వెంకటమ్మ ముద్దలో గుంట చేసి, పప్పు అద్దుకుని, నోట్లో పెట్టుకుని మింగింది.  నాగరత్న గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఉప్పు సాల్లేదు," అంది అత్త.

నేను నా పళ్లెంలో పప్పు నాలిక్కి రాసుకున్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది. తెస్తానని లోపలికి వెళ్లిన నాగరత్న ఎంతసేపటికీ రాలేదు. గోడవతల నుంచి వెక్కిళ్లు మాత్రం వినిపించాయి. వెంకటమ్మ ఉప్పు కోసం ఆగలేదు, తల వంచుకుని తింటూనే ఉంది.